ఔషధమును పరీక్షించు యంత్రమునకే జబ్బు చేసినచో?

మన ఇండ్లలో మందుల పెట్టె తెరచి చూచినచో పంటి నొప్పికి లవంగ తైలము, జలుబు చేసినపుడు ఆవిరి పట్టుటకు నీలగిరి తైలము, కడుపు ఉబ్బరమునకు అమృతధార తప్పక కనిపించును. వీనిని కొనునపుడు మూత తీసి వాసన చూచి, “ఘాటుగా ఉన్నది, మంచిదే” అని తృప్తి పడుట మన అలవాటు. ముక్కు గొప్ప పరీక్షా సాధనమే, సందేహము లేదు. కాని ఘాటైన తైలములో వాసన తక్కువ గల చౌక ద్రవ్యము కలిసినపుడు ముక్కు దానిని పసిగట్టజాలదు. వాసనయే లేని విషము కలిసినపుడు అసలే పసిగట్టజాలదు. అట్టి చోట పరీక్షాశాలలు ఆశ్రయించు యంత్రములలో ముఖ్యమైనది గ్యాస్ క్రొమటోగ్రాఫ్.

సుగంధ తైలములను, మూలికా ఔషధములను పరీక్షించు ఒక ప్రయోగశాలలో నేను చాలా సంవత్సరములుగా ఈ యంత్రముతో పని చేయుచున్నాను. మందు సీసాపై “పరీక్షింపబడినది” అను మాట చూచి నిశ్చింతగా ఉండు పాఠకులకు, ఆ మాట వెనుక ఏమి జరుగునో, దానిని ఎప్పుడు నమ్మవచ్చునో, ఎప్పుడు నమ్మరాదో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. యంత్రమునకు కూడ రోగములు వచ్చును. దాని ఆరోగ్యమును ముందుగా పరీక్షింపక, అది ఇచ్చిన తీర్పును నమ్మరాదు.

యంత్రము ఎట్లు పని చేయును?

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మిఖాయిల్ త్స్వెత్ అను రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు ఆకులలోని రంగులను సుద్దపొడి నింపిన గాజు గొట్టము ద్వారా పంపి, వేరు వేరు పట్టీలుగా విడదీసినాడు. ఆ పద్ధతికి ఆయన పెట్టిన పేరే క్రొమటోగ్రఫీ. అనగా వర్ణలేఖనము. ద్రవమునకు బదులు వాయువును ఉపయోగించి ద్రవ్యములను విడదీయు పద్ధతిని 1952లో బ్రిటన్‌కు చెందిన జేమ్స్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఇదే మన గ్యాస్ క్రొమటోగ్రఫీ.

దీని సూత్రము తిరునాళ్ళకు వెళ్ళినవారికి సులభముగా బోధపడును. అందరును ఒకే ద్వారము గుండా ఒకేసారి అంగళ్ళ వీధిలో ప్రవేశింతురు. కొందరు ఎచ్చటను ఆగక నేరుగా ఆవలి చివరకు పోవుదురు. కొందరు గాజుల దుకాణము వద్ద, మరికొందరు మిఠాయి దుకాణము వద్ద ఆగి ఆగి పోవుదురు. కావున ఒకేసారి లోనికి వచ్చినవారు వేరు వేరు వేళలలో బయటకు వత్తురు. ఈ యంత్రములో వీధి అనగా కాలమ్ అను సన్నని గొట్టము. దాని పొడవు సాధారణముగా 30 మీటర్లు, లోపలి వ్యాసము 0.25 మిల్లీమీటరు. గొట్టపు లోపలి గోడకు ఒక పలుచని పూత ఉండును. అదియే దుకాణముల వరుస. జనమును ముందుకు నెట్టునది హీలియం, నైట్రోజన్ లేక హైడ్రోజన్ వాయువు.

పరీక్షింపవలసిన తైలమును తగిన ద్రావకములో కలిపి, సన్నని సిరంజితో 1 మైక్రోలీటరు మాత్రమే లోనికి పంపుదుము. ఇది ఒక చుక్కలో సుమారు ఏబదవ వంతు. అందులో కూడ అధిక భాగమును బయటకు వదలి, నూరవ వంతును మాత్రమే గొట్టములోనికి పోనిచ్చుట కలదు. ప్రవేశ ద్వారము, అనగా ఇంజెక్టర్, దాదాపు 250 డిగ్రీల వేడిలో ఉండును గనుక తైలము తక్షణమే ఆవిరియగును. గొట్టము ఉన్న పెట్టెను 60 డిగ్రీల నుండి క్రమముగా 240 డిగ్రీల వరకు వేడి చేయుదుము. తేలికగా ఆవిరియగు ద్రవ్యములు ముందు, బరువైనవి తరువాత బయలుదేరును. చివర చిన్న హైడ్రోజన్ జ్వాల కలదు. కర్బన పదార్థము ఆ జ్వాలలో కాలినపుడు అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహము పుట్టును. యంత్రము దానిని పెంచి, కాగితముపై కొండ శిఖరము వలె గీయును.

అమృతధారనే ఉదాహరణముగా తీసికొందము. కర్పూరము, పుదీనా పువ్వు, వాము పువ్వు కలిపినచో మూడును గట్టి పదార్థములే అయినను కరిగి ద్రవమగుట గృహిణులు ఎరిగినదే. పుదీనా పువ్వు అనగా మెంథాల్, వాము పువ్వు అనగా థైమాల్. ఈ ద్రవమును యంత్రములోనికి పంపినచో, సాధారణముగా వాడు కాలమ్ పై మొదట కర్పూరము, తరువాత మెంథాల్, చివర థైమాల్ మూడు శిఖరములుగా వచ్చును. శిఖరము వచ్చిన సమయము ద్రవ్యమేదో సూచించును. శిఖరము కింది వైశాల్యము దాని పరిమాణమును తెలుపును. లవంగ తైలములో యూజినాల్ 75 నుండి 88 శాతము వరకు, నీలగిరి తైలములో సినియోల్ కనీసము 70 శాతము ఉండవలెనని ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథము నిర్దేశించుచున్నది. ఈ లెక్క తేల్చునది ఈ యంత్రమే.

మొదలుపెట్టు క్రమము, ఆపు క్రమము

ఈ యంత్రమును నడుపుటలో మొదటి నియమము ఇది. ముందు వాయువు, తరువాత వేడి. ఆపునపుడు ముందు చల్లార్పు, తరువాత వాయువు. వాయువు ప్రవహింపనిదే గొట్టమును వేడి చేయుట, నీరు పోయని ప్రెషరు కుక్కరును పొయ్యిపై పెట్టుట వంటిది. లోనికి చొరబడిన గాలిలోని ఆక్సిజన్, వేడితో కలిసి గొట్టపు లోపలి పూతను పాడు చేయును. ఒకసారి చెడిన పూత మరల బాగుపడదు.

జ్వాల వెలిగినదో లేదో కంటితో చూచుట సాధ్యము కాదు. హైడ్రోజన్ జ్వాల దాదాపు కానరాదు. అందుకు సులువైన ఉపాయము కలదు. చల్లని అద్దమును గాని, మెరుగుగల స్పానరును గాని జ్వాల పైనున్న రంధ్రము వద్ద పట్టినచో క్షణములో దానిపై తేమ పట్టును. హైడ్రోజన్ కాలినచో నీటి ఆవిరి పుట్టును గదా! తేమ పట్టనిచో జ్వాల ఆరినదని గ్రహించి, వెంటనే హైడ్రోజన్ ఆపవలెను. వెలుగని హైడ్రోజన్ పోగుపడుట పేలుడునకు దారితీయును.

యంత్రమునకు నిదానము

ఆయుర్వేదములో వ్యాధి నిర్ణయమునకు నిదాన పంచకము చెప్పబడినది. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. అందులో ఉపశయము అనగా, వ్యాధి బయటపడక దాగియున్నపుడు ఒక ఔషధమునో ఆహారమునో ఇచ్చి, దానివలన ఉపశమనము కలిగినదా, బాధ హెచ్చినదా అని చూచి వ్యాధిని గుర్తించుట. యంత్రపు జబ్బును కనుగొనుటకు కూడ ఇంతకంటె మేలైన మార్గము నాకు కనిపించలేదు. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ఫలితమును పుస్తకములో వ్రాసికొనవలెను. ఒకేసారి నాలుగు భాగములు మార్చినచో జబ్బు తగ్గవచ్చును గాని, జబ్బు ఏదో తెలియదు. అది మరల వచ్చినపుడు కథ మొదటికి వచ్చును.

తరచుగా కనిపించు లక్షణములను, వాని కారణములను, చికిత్సలను కింద ఇచ్చుచున్నాను.

1. శిఖరమే రాకపోవుట: మొదట జ్వాలను అద్దముతో చూడవలెను. తరువాత సిరంజి సూది మూసికొనిపోయినదేమో, గొట్టము ఎచ్చటనైన విరిగినదేమో చూడవలెను. ఖరీదైన భాగములను అనుమానించుటకు ముందు చవకైన కారణములను తొలగించుకొనుట వివేకము.

2. శిఖరములు నానాటికి ఆలస్యముగా వచ్చుట: ఇది తరచుగా వాయువు కారిపోవుటకు గుర్తు. సిరంజి గుచ్చు చోట సెప్టమ్ అను రబ్బరు బిళ్ళ ఉండును. పాతబడిన కుక్కరు రబ్బరు ఆవిరిని ఆపలేనట్లే, అనేకమార్లు గుచ్చబడిన సెప్టమ్ వాయువును ఆపలేదు. దానిని మార్చి చూడవలెను. అప్పటికిని తగ్గనిచో గొట్టము బిగించిన నట్లను, సిలిండరు పీడనమును పరీక్షింపవలెను.

3. శిఖరము వెనుక తోక సాగుట: అన్ని శిఖరములకును తోక ఉన్నచో గొట్టము చివర సరిగా కోయబడలేదనియు, బిగింపు సరిగా లేదనియు అనుమానింపవలెను. కొన్నింటికి మాత్రమే, ముఖ్యముగా ఆల్కహాలు జాతి ద్రవ్యములకు మాత్రమే తోక ఉన్నచో, ఇంజెక్టర్ లోపలి లైనర్ అను గాజు గొట్టము మలినపడి ఆ ద్రవ్యములను పట్టి ఉంచుచున్నదని అర్థము. లైనర్ మార్చి, కాలమ్ మొదటి భాగమును కొద్ది సెంటీమీటర్ల మేర సమముగా కోసి తీసివేసినచో సాధారణముగా నయమగును.

4. శిఖరము ముందుకు వాలుట: ఇది అజీర్ణము వంటిది. గొట్టము మోయగలిగినదానికంటె ఎక్కువ తైలము ఇచ్చినాము. మూడు వంతుల దాక సినియోల్ ఉన్న నీలగిరి తైలమును పలుచన చేయకయే పంపినచో సినియోల్ శిఖరము చేప రెక్క వలె వంగి, పక్కనే వచ్చు లిమొనీన్ శిఖరమును మింగివేయును. మోతాదు తగ్గించుటయే చికిత్స.

5. లేని శిఖరములు కనిపించుట: వీనిని మేము దయ్యపు శిఖరములందుము. క్రిందటి నమూనా అవశేషము, సెప్టమ్ నుండి రాలిన రేణువులు, సిరంజిని కడిగిన ద్రావకములోని మాలిన్యము ఇందుకు కారణములు. నమూనా లేకుండ ఉత్త ద్రావకమును పంపి చూచుటయే వీనికి పరీక్ష.

6. ఒకే నమూనాకు మూడుమార్లు మూడు లెక్కలు వచ్చుట: సిరంజిలో గాలి బుడగయో, ఇంజెక్టర్ వద్ద వాయువు కారుటయో కారణము కావచ్చును. మూడు లెక్కలును దగ్గరగా వచ్చువరకు ఏ లెక్కను నివేదికలో వ్రాయరాదు.

అయిదవ లక్షణము ఎంత అన్యాయమునకు దారితీయగలదో ఒక అనుభవము చెప్పెదను. ఒక చిన్న వ్యాపారి నీలగిరి తైలమును పరీక్షకు తెచ్చినాడు. సినియోల్ చక్కగా ఉన్నది. కాని చాలా ఆలస్యముగా, నీలగిరి తైలములో రాగూడని చోట, ఒక చిన్న శిఖరము వచ్చినది. మా సహాయకుడు “కల్తీ ఉన్నదండీ” అన్నాడు. నియమము ప్రకారము ఉత్త ద్రావకమును పంపి చూచితిమి. అదే శిఖరము, అదే సమయమునకు మరల వచ్చినది! అంతకు ముందు పరీక్షించిన లవంగ తైలపు యూజినాల్ ఇంజెక్టర్‌లో మిగిలిపోయినది. లైనర్ మార్చి, సిరంజిని మార్చి, నమూనాను తిరిగి పరీక్షించగా ఆ శిఖరము మాయమైనది. ఆ ఒక్క పరీక్ష లేకున్నచో నిజాయితీగల ఒక వ్యాపారి నోటికాడ కూడు పోయెడిది.

“కనిపించలేదు” అనగా “లేదు” అని కాదు

దయ్యపు శిఖరము వలన నిర్దోషికి శిక్ష పడును. దీనికి విపర్యయముగా జరిగినచో ప్రాణములు పోవును. డైఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవ్యము కలదు. రంగు లేదు, చెప్పుకోదగిన వాసన లేదు, రుచికి తియ్యగా ఉండును. దగ్గు మందులలో కలుపు గ్లిజరిన్ వలె, ప్రొపిలీన్ గ్లైకాల్ వలె చిక్కగా ఉండును. కాని మూత్రపిండములను పాడు చేయు విషము. 1937లో అమెరికాలో దీనిని ద్రావకముగా వాడిన ఒక మందు వలన నూరుమందికి పైగా మరణించిరి. 1986లో ముంబాయిలోని ఒక ఆసుపత్రిలో ఈ విషము కలిసిన గ్లిజరిన్ వలన 14 మంది రోగులు ప్రాణములు కోల్పోయిరి. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశములో పసిపిల్లలు బలియైరి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతమున ఇరువది మందికి పైగా పిల్లలు మరణించిరి. వారు త్రాగిన దగ్గు మందును తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షించగా అందులో ఈ విషము 48.6 శాతము ఉన్నట్లు తేలినది. మందులలో అనుమతింపబడిన హద్దు 0.1 శాతము మాత్రమే.

ఈ విషమును పట్టుకొను ప్రధాన సాధనము గ్యాస్ క్రొమటోగ్రాఫే. ఇచ్చటనే పైన చెప్పిన మూడవ లక్షణము ప్రాణసంకటమగును. గ్లైకాల్‌లు ఆల్కహాలు జాతివి. మలినపడిన లైనర్ గాజునకు అవి అంటుకొనిపోవును. నమూనాలో సగము విషమే ఉన్నపుడు ఎంత చెడిన యంత్రమైనను దానిని చూపును. కాని హద్దునకు కొంచెము మించి ఉన్నపుడు, ఆ కొద్దిపాటి విషము దారిలోనే చిక్కుకొని శిఖరముగా లేవకపోవచ్చును. కాగితముపై నున్నని గీత వచ్చును. నివేదికలో “కనిపించలేదు” అని వ్రాయబడును. వ్రాసినవాడు అబద్ధమాడలేదు. యంత్రమునకు కన్ను మసకబారినది, అంతియే.

కావున మేము పాటించు నియమము ఇది. నమూనాను పరీక్షించిన రోజుననే, అదే యంత్రముపై, సరిగా 0.1 శాతము విషము కలిపిన ప్రమాణ ద్రావణమును కూడ పంపి చూచెదము. ఆ శిఖరము స్పష్టముగా లేచినచో యంత్రమునకు చూపు ఉన్నట్లు. అంతటితో ఆగక, పరీక్షింపవలసిన సిరప్పులోనే కొంత విషమును కొలిచి కలిపి, కలిపినంతయు తిరిగి లెక్కకు వచ్చుచున్నదా అని చూచెదము. ఈ రెండును సరిపోయిన తరువాతనే “కనిపించలేదు” అను మాటకు విలువ కలుగును. శిఖరము కనిపించినపుడు కూడ జాగ్రత్త అవసరమే. రెండు వేరు ద్రవ్యములు ఒకే సమయమునకు రావచ్చును. అందుచేత మరియొక జాతి కాలమ్ పైననో, మాస్ స్పెక్ట్రోమీటరు తోడనో నిర్ధారించుకొనవలెను.

ఈ యంత్రము చేయలేనివి

ఆవిరి కాని దానిని ఇది చూడజాలదు. భస్మములలో సీసము, పాదరసము వంటి లోహములు ఉన్నవో లేవో ఇది చెప్పదు. వానికి వేరు యంత్రములు కలవు. నువ్వుల నూనె వంటి వంట నూనెలను నేరుగా కాక, వాని కొవ్వు ఆమ్లములను ఆవిరియగు రూపమునకు మార్చి పరీక్షింపవలెను. అరిష్టములలో, ఆసవములలో పుట్టిన మద్యసారము ఎంతయో, అందులో హానికరమైన మిథనాల్ ఉన్నదో లేదో మాత్రము ఇది చక్కగా చెప్పగలదు. కావున “గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయించినాము” అన్నంత మాత్రమున ఆ మందునకు అన్ని పరీక్షలును అయినవని భావింపరాదు.

గృహస్థులు గమనింపవలసినవి

తైలములను, సిరప్పులను విడిగా సీసాలలో పోసి అమ్ముచోట కొనరాదు. తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తేదీలు గల మూసిన సీసానే కొనవలెను. బిల్లును, సీసాను మందు అయిపోవువరకు ఉంచవలెను. అనుమానము కలిగినపుడు ఔషధ తనిఖీ అధికారికి అవసరమైనవి అవియే.

ఇంటి వద్ద చిన్న పరిశ్రమగా తైలములు తయారు చేయువారు, పరీక్షాశాల నుండి ఒంటరి సంఖ్యను గాక మూడు కాగితములను అడిగి తీసికొనవలెను. ఒకటి తమ నమూనా గీత, రెండవది ఉత్త ద్రావకపు గీత, మూడవది ప్రమాణ ద్రావణపు గీత. ఈ మూడింటిని పక్క పక్కన పెట్టి చూచినచో చదువుకొన్నవారెవరికైనను చాల సంగతి బోధపడును. మంచి పరీక్షాశాల ఈ కాగితములు ఇచ్చుటకు వెనుకాడదు.

పరీక్షలో నెగ్గిన స్వచ్ఛమైన తైలము కూడ పిల్లల నోటిలో పోయదగినది కాదు. నీలగిరి తైలము కొద్ది మిల్లీలీటర్లు మ్రింగినను, కర్పూరము తిన్నను పసివారికి మూర్ఛలు రావచ్చును. ఈ సీసాలను పిల్లలకు అందని ఎత్తులో ఉంచవలెను. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదనియు, అయిదేండ్ల లోపు వారికి సాధారణముగా తగవనియు కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరులో సూచించినది. ఏ సిరప్పు త్రాగిన తరువాతనైనను బిడ్డకు వాంతులు, మగత కలిగి మూత్రము తగ్గినచో ఇంటి వైద్యముతో కాలయాపన చేయక, ఆ సీసాను వెంట తీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. సీసాలో మిగిలిన మందును పారవేయరాదు. ఆ మిగిలిన నాలుగు చుక్కలతోనే పరీక్షాశాల మరియొక బిడ్డ ప్రాణమును కాపాడవచ్చును.